పుప్పొడి ఎగరేసిన జువైనా

అల్ ఖుదైరా ఊళ్లో అభిప్రాయం లేని మనిషంటూ లేడు. సాయంత్రపు నమాజు ముగిశాక మగవాళ్లంతా ఊరి చావడి సబ్లాలో చేరి, గోడల వెంబడి దిండ్లకు ఆనుకుని, కహ్వా కాఫీ గిన్నెలు చేతులు మారుతుండగా లోకం మొత్తానికీ తీర్పు చెప్పేవాళ్లు. ఫోన్లొచ్చి పిల్లల కళ్లు పోయాయని ఒకరంటే, పోయింది కళ్లు కాదు సిగ్గని ఇంకొకరు. ఏసీ గాలికి కీళ్లు పట్టేస్తాయనీ, దిష్టి గట్టిగా తగిలితే కొత్త కారు ఇంజనైనా మొరాయిస్తుందనీ, మస్కట్‌లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లకు కొడవలి ఏ వైపు పట్టుకోవాలో తెలియదనీ మాటలు సాగేవి. ఆడవాళ్ల కొలువు పొద్దుటిపూట, మౌజా పెద్దమ్మ వాకిట్లో. అక్కడి తీర్పులు ఇంకా కఠినం. నవ్వులు మాత్రం ఎక్కువ.

సబ్లాలో అందరికంటే పెద్ద గొంతు హుమైద్‌ది. పటాలంలో లారీ నడిపి రిటైరైనవాడు. ఊరి ఫోన్ గ్రూపు నడిపేది కూడా అతనే. తెల్లారేసరికి అతని గొంతు ప్రతి ఇంట్లోనూ మోగాల్సిందే: వైఫై వల్ల నిమ్మచెట్లు పూత రాలుస్తున్నాయనో, ప్లాస్టిక్ బియ్యం వచ్చాయనో, ఫలానా గింజలు నానబెట్టుకు తాగితే షుగరు మాయమనో. అతని భార్య షంసా మాత్రం ఆ గ్రూపులో లేదు. "ఇంట్లో ఎలాగూ వింటున్నా కదా, మళ్లీ ఫోన్లో కూడా ఎందుకు?" అనేది.

ఖల్ఫాన్ కూతురు జువైనా పెళ్లిళ్లలో ఫోటోలు తీస్తుంది. ఆ కొండ ప్రాంతంలో ఆడవాళ్ల పెళ్లి పందిరిలోకి మగపురుగు రాకూడదు. గుమ్మం దగ్గరే అందరి ఫోన్లూ సంచీలో వేయించుకుంటారు. లోపల ఉండే కెమెరా ఒక్కటే, అది జువైనాది. దాని ముందు ఆడవాళ్లు ముసుగులు తీసి, జుట్లు విప్పి, నగలు పెట్టుకుని ఆడతారు, పాడతారు, ఏడుస్తారు. ఏళ్ల తరబడి అలా తీసిన బొమ్మల్లో ఒక్కటి కూడా బయటికి పొక్కలేదు. "ఊరందరి పెళ్లిళ్లూ చేసింది, తన పెళ్లి మాత్రం మర్చిపోయింది" అని ఆడవాళ్లు ఎకసెక్కాలాడితే, "నా పెళ్లికి ఫోటోలు తీసే మనిషి దొరకాలిగా!" అని నవ్వేసేది. అప్పటికామెకు ముప్పై దాటాయి.

ఆమె తండ్రి ఖల్ఫాన్ ఖర్జూరపు చెట్లెక్కేవాడు. వాళ్ల నాన్నా అదే పని, తాతా అదే పని. శీతాకాలం చివర్లో ఆడచెట్ల పూగెలలను మూసి ఉంచిన పొత్తులు పగులుతాయి. అవి పగిలిన కొద్దిరోజుల్లోపే పోతు చెట్ల పుప్పొడి తెచ్చి వాటికి అంటించాలి. ఆలస్యమైందా, ఆ గెలలో కాయలు గింజ కట్టక తాలుగా పోతాయి. పోనీ చెట్టుకొక్కసారి ఎక్కితే సరిపోతుందా అంటే, పొత్తులన్నీ ఒకేసారి పగలవు. ఇవాళ ఒకటి, నాలుగు రోజులకు ఇంకొకటి. చెట్టు చెట్టుకూ మళ్లీ మళ్లీ ఎక్కాల్సిందే. వేసవిలో కోతలకైతే మస్కట్ కుర్రాళ్లు సెలవు పెట్టుకుని వచ్చి ఓ వారం వీరంగం చేసి పోతారు. ఈ పుప్పొడి పని మాత్రం ఊళ్లో ఉన్నవాళ్లదే. కూలికి ఎక్కే యూసుఫ్ అనే పరదేశి ఒకడుండేవాడు. కిందటేడు కాలు జారి పడి నడుము విరగ్గొట్టుకుని తన దేశం వెళ్లిపోయాడు. ఇక మిగిలింది ఖల్ఫానే, అరవై దాటిన వయసులో, అరిగిన మోకాళ్లతో.

ఆ ఏడాది పొత్తులు పగలడం మొదలైన కొద్దిరోజులకు, జువైనా నిజ్వా పట్నం నుంచి పెళ్లి ముగించుకుని కారు దిగుతుండగా తల్లి రయ్యా ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"మీ నాన్న పైమెట్ల మీద పెద్దచెట్టెక్కాడే! మోకాలు పట్టేసిందట. పైకీ పోలేడు, కిందికీ రాలేడు!"

ఊరి తోటల్లో పైమెట్లంటే కొండవాలును మెట్లుగా చదును చేసిన చోట ఉన్న పాత చెట్లు. మెడ వెనక్కి వాల్చితే గానీ తల కనిపించనంత ఎత్తు. జువైనా చేరేసరికి తండ్రి నడుముకు మోకు చుట్టుకుని, చెట్టును కావలించుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. కింద మగవాళ్లు మసీదు నిచ్చెన తెచ్చారు, అది సగం ఎత్తుకు కూడా రాలేదు. అప్పుడు హుమైదే పొడవాటి దిష్దాషా అంగీని నడుముకు దోపుకుని, నోటి నిండా తిట్లతో ఎక్కాడు.

"ఖల్ఫానన్నా, కాలు నా భుజమ్మీద పెట్టు. పెట్టవయ్యా! ఎంత బరువున్నావో ఏమో, నీకంటే నా లారీయే నయం!"

ఇద్దరూ అంగుళం అంగుళం దిగారు. నేల తగలగానే ఖల్ఫాన్ కూలబడి, తడిసిన కళ్లను తలపాగా కొసతో తుడుచుకున్నాడు. పడ్డ భయానికి కాదు ఆ నీళ్లు. తలెత్తి పైమెట్ల వైపు చూస్తూ, "ఇక ఈ చెట్లను దేవుడే చూసుకోవాలి" అన్నాడు. ఆ చెట్లలో ప్రతి ఇంటికీ వాటా ఉంది. మసీదు చెట్లూ అక్కడివే. ఊరికి పేరు తెచ్చిన తియ్యటి కాయ ఆ మెట్ల మీదిదే.

ఈ సంగతి వ్యవసాయ ఆఫీసుకు చేరింది. వారం తిరక్కుండా తలాల్ అనే కుర్ర ఇంజనీరు జీపులో డ్రోన్ తెచ్చాడు. నాలుగు రెక్కలు, పొట్ట కింద పుప్పొడి డబ్బా, ముక్కున కెమెరా. పిండిలో కలిపిన పుప్పొడిని చెట్టు నెత్తిన చల్లి వస్తుందని చెప్పాడు. అందరూ చూస్తుండగా సబ్లా ముందునుంచే దాన్ని లేపాడు. పాపం, అతనికి ఊరి పొందిక తెలియదు. సబ్లా నుంచి పైమెట్లకు నేరుగా పోవాలంటే మధ్యలో ఊరి డాబాలన్నీ దాటాలి.

డాబాల మీద ఆడవాళ్లు నిమ్మకాయలు ఎండబోస్తున్నారు, తలలారబెట్టుకుంటున్నారు, పిల్లలకు పాలిస్తున్నారు. ఒక్కసారిగా నెత్తిమీద రొద. కేకలు పెట్టి ముసుగుల కోసం పరుగులు. మౌజా పెద్దమ్మ మాత్రం పరిగెత్తలేదు. చేతిలో ఉన్న రోకలి గిరగిర తిప్పి విసిరింది. అది డ్రోన్‌కు తగల్లేదు గానీ పక్కింటి నీళ్ల ట్యాంకుకు చిల్లు పెట్టింది.

"ఒరేయ్, ఎవడ్రా ఈ కందిరీగను వదిలింది? దమ్ముంటే మనిషిని పంపరా, కన్ను పంపుతావా?" అని ఆమె పెట్టిన కేక సబ్లా దాకా వినిపించింది.

తలాల్ బిక్కచచ్చిపోయి యంత్రాన్ని దింపుకున్నాడు. ఆ సాయంత్రం సబ్లాలో ఎప్పుడూ లేనిది జరిగింది. అందరి అభిప్రాయమూ ఒకటే అయింది. హుమైద్ మాట్లాడుతుంటే అడ్డొచ్చినవాడు లేడు. "పుప్పొడి పేరు చెప్పి మన వాకిళ్లలోకి కెమెరా దూరుస్తారా? రేపు ఆ బొమ్మలు ఏ ఫోన్లో తేలతాయో ఎవరికి తెలుసు? ఖర్జూరం లేకపోతే కొనుక్కు తింటాం. మర్యాద ఏ సంతలో కొంటాం?" అన్నాడు. ఖల్ఫాన్ కూడా తలూపాడు. డ్రోన్ ఊరి పొలిమేర దాటి లోపలికి రాకూడదని తీర్మానం అయింది.

ఇంటికొచ్చి తండ్రి ఈ సంగతి చెబుతుంటే జువైనా వింటూ కూర్చుంది. కోపం రాలేదు ఆమెకు. కెమెరా అంటే ఏమిటో ఊళ్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. వాళ్ల భయంలో తప్పేమీ కనపడలేదు. కానీ పైమెట్ల మీద పగిలిన పొత్తులు తెల్లగా మెరుస్తూ, ఎవరూ రాక, ఎండకు వాడిపోతున్నాయి. అవి వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి.

పొద్దున్నే నిజ్వా వెళ్లి ఆఫీసులో తలాల్ ముందు కూర్చుంది.

"కెమెరా పీకేస్తే అది ఎగరదా?"

"ఎగురుతుందక్కా. కానీ ఏ పొత్తు పగిలిందో, ఏది పగల్లేదో ఎలా తెలుస్తుంది? గుడ్డిగా చల్లితే గాలికి పోసినట్టే."

"అంటే ఆ కన్ను ఉండాల్సిందే. అలాంటప్పుడు దాని వెనక ఎవరుంటారన్నదే ప్రశ్న." ఆమె బల్ల మీదికి వంగింది. "నాకు నేర్పు."

తలాల్ కాసేపు నసిగాడు. ఆడవాళ్లు ఇంతవరకూ ఎవరూ రాలేదన్నాడు. నేర్చుకోకూడదని రూలేమైనా ఉందా అని ఆమె అడిగింది. రూలు లేదన్నాడు. అంతే, ఆ మధ్యాహ్నమే ఆఫీసు వెనకున్న ఖాళీ చేలో మొదలెట్టారు. మొదటిరోజు డ్రోన్ కంచెలో చిక్కుకుంది. రెండోరోజు తలాల్ తలపాగా ఎగరగొట్టింది. కానీ ఆమె చేతులు కెమెరాతో ఏళ్ల తరబడి పనిచేసిన చేతులు. ఆడుతున్న పెళ్లికూతురి కళ్లను మసక లేకుండా పట్టుకోవడం అలవాటైన మనిషికి, కదలని చెట్టు నెత్తి ఎంతసేపు? శిక్షణ ముగిసేసరికి బడి ఆవరణలోని పొట్టి ఖర్జూరాల మీద, అనుకున్న గెలకే, అనుకున్నంతే చల్లి చూపించింది. తలాల్ చప్పట్లు కొట్టి, "అక్కా, నాకంటే నీ చెయ్యే నిలకడ" అన్నాడు. అనుమతి కాగితాల మీద పై అధికారి చేత ఆ రోజే సంతకం పెట్టించి, డ్రోన్‌ను సీజన్ అయ్యేదాకా ఆమెకే అప్పగించాడు.

అసలు కష్టం ఇంట్లో ఎదురైంది. ఖల్ఫాన్ అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు.

"ఊరు కాదన్న వస్తువును నా గడప దాటిస్తావా?"

"ఊరు కాదన్నది కెమెరాని నాన్నా. వస్తువుని కాదు."

"అదొక్కటే అనుకున్నావా?" ఆయన గొంతు తగ్గింది. "నేను చెట్టు చెట్టుకీ బిస్మిల్లా చెప్పి ఎక్కాను తల్లీ. ఒక్కొక్కదాని ఒళ్లు తడిమి, దాని కష్టసుఖాలు చూసి, పుప్పొడి పెట్టాను. ఆ ఇనుప పురుగు ఏం చెబుతుంది? దానికి నోరుందా?"

యంత్రం, కెమెరా, ఊరి మాట, ఇవన్నీ పైకి చెప్పే సాకులనీ, నాన్నను తొలుస్తున్నది ఇదేననీ జువైనాకు అప్పుడర్థమైంది. లేచి వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"దానికి నోరు లేదు నాన్నా. నాకుంది. చెట్టు చెట్టుకీ నేను చెబుతాను. వాటి కష్టసుఖాలు మాత్రం నాకు తెలియవు. అవి నువ్వే పక్కనుండి చెప్పాలి."

ఖల్ఫాన్ అవునని అనలేదు. కానీ మళ్లీ పళ్లెం ముందుకొచ్చి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున జువైనా డ్రోన్‌ను పెట్టెలో పెట్టుకుని మౌజా పెద్దమ్మ వాకిట్లోకి వెళ్లింది. కహ్వా తాగుతున్న ఆడవాళ్లంతా ఆ పెట్టెను చూసి పాము బుట్టను చూసినట్టు జరిగారు.

"రోకలి తెచ్చుకోనా?" అంది మౌజా.

"ముందు చూడు పెద్దమ్మా, నచ్చకపోతే అప్పుడు తెచ్చుకో" అని జువైనా దాన్ని వాకిట్లోనే మనిషెత్తు లేపింది. తెర అందరికీ చూపించింది. అందులో వాళ్ల నెత్తులే, కహ్వా కూజా, ఖర్జూరాల పళ్లెం. చిన్నపిల్లలు కిలకిలలాడారు. "ఇందులో బొమ్మలు దాచే కార్డు ఉంటుంది. ఇదిగో, తీసేశా. ఇప్పుడిది చూస్తుందే గానీ గుర్తుంచుకోదు. ఎగరేసేటప్పుడు నా పక్కన మీలో ఒకరు కూర్చుని తెర చూస్తూ ఉండండి. డాబాల మీద నుంచి పోను, వాగు వైపు నుంచి చుట్టు తిరిగి పోతాను. అయినా ఎప్పుడైనా ఏ డాబా మూలైనా కనపడితే, చూసేది నా కళ్లే. అవి మిమ్మల్ని ఇంతకుముందు చూడని కళ్లు కావు."

ముందుగా షంసా అందుకుంది. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి.

"మా ఆయన ఫోన్లో వెయ్యి బొమ్మలున్నాయి. అందులో నాది ఒక్కటీ లేదు. నా కూతుళ్ల పెళ్లిళ్లు, పోయిన మా అమ్మ నవ్వు, అన్నీ ఈ పిల్ల కెమెరాలోనే ఉన్నాయి. ఏదీ, ఒక్క గోరు ముక్క బయట కనపడిందని ఎవరైనా చెప్పండి చూద్దాం."

ఎవరు చెబుతారు? మౌజా కర్ర ఆనించి లేచింది. "పదండి" అంది.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"సబ్లాకి. మన మర్యాద గురించి వాళ్లే మాట్లాడుకున్నారు. ఇవాళ మనం మాట్లాడదాం."

ఆ సాయంత్రం సబ్లాలో మగవాళ్లు ఇంకా చెప్పులు విప్పుతుండగానే ఆడవాళ్లు వరసకట్టి వచ్చారు. ముందు మౌజా, వెనక షంసా, ఆ వెనక రయ్యా, మిగతావాళ్లు, చిట్టచివర పెట్టెతో జువైనా. హుమైద్ చేతిలో కహ్వా గిన్నె అలాగే ఆగిపోయింది.

"ఏమైంది? ఎవరు పోయారు?" అన్నాడు.

"ఇంకా ఎవరూ పోలేదు. నువ్వు సర్దుకుని చోటిస్తే కూర్చుంటాం" అంది మౌజా.

జువైనా నిలబడే చెప్పింది. వాకిట్లో చెప్పిందంతా మళ్లీ చెప్పింది. హుమైద్ ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. బొమ్మలు గాల్లోంచి ఎవరైనా లాక్కుంటే? తెర చూసేవాళ్లు కునుకు తీస్తే? యంత్రం జారి ఎవరి నెత్తినైనా పడితే? ఆమె ఒక్కొక్కదానికీ ఓపిగ్గా బదులిచ్చింది. తెలియనిచోట "అది తెలుసుకుని చెబుతాను బాబాయ్" అంది. చివరికి హుమైద్ తన పెద్ద ఆయుధం తీశాడు.

"సరే, అంతా బాగానే ఉంది. కానీ ఆడపిల్ల ఊరి చెట్లకు పుప్పొడి పెట్టడమా? ఎన్నడైనా విన్నామా?"

ఇమాము మొహన్నా పెద్దమనిషి, మితంగా మాట్లాడతాడు. "పుప్పొడి పెట్టే చెయ్యి మగదై ఉండాలని నేను ఎక్కడా చదవలేదు. లోకం పనులు ఎలా చేసుకుంటే బాగుంటుందో ప్రవక్త మనకే వదిలారు" అన్నాడు.

అప్పుడు మూలనుంచి ఖల్ఫాన్ లేచాడు. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాన్న ఏం చెబుతాడో జువైనాకూ తెలియదు.

"మొన్న ఈ యంత్రం వద్దని తలూపినవాళ్లలో నేనున్నాను. ఇవాళ నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అందరి ముందు ఊపాను కాబట్టి అందరి ముందే తీసుకుంటున్నాను. ఆ చెట్లను నేను మోసినంతగా ఈ ఊళ్లో ఎవరూ మోయలేదు. వాటిని తాలుగా పోనిచ్చి నా పంతం నిలబెట్టుకోలేను. మీలో ఎవరైనా రేపు పొద్దున ఎక్కుతానంటే చెప్పండి, నా మోకు ఇచ్చేస్తాను. లేదంటే నా కూతురికి దారివ్వండి."

మోకు కోసం చెయ్యి చాపిన మగాడు లేడు. హుమైద్ చుట్టూ చూసి, తన పక్షాన ఎవరూ మిగల్లేదని గ్రహించి, చేతులు ఝాడించాడు.

"మీ ఇష్టం. నా చెట్ల జోలికి మాత్రం రావద్దు, అంతే!"

"పైమెట్ల మీద మీ చెట్లెక్కడున్నాయండీ?" అని షంసా మెల్లగా అడిగింది. "అవి మా నాన్న నాకిచ్చినవి. నా పేరు మీదే ఉన్నాయి. జువైనా, ముందు నా చెట్లతోనే మొదలెట్టమ్మా."

సబ్లా అంతా ఘొల్లుమంది. ఇమాము కూడా నవ్వు ఆపుకోలేక గడ్డం సవరించుకున్నాడు. అందరికంటే ఆలస్యంగా, తప్పనిసరై, హుమైదూ నవ్వాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఊరంతా వాగు ఒడ్డున చేరింది. మౌజా పెద్దమ్మకు కుర్చీ వేశారు. ఆమె తెర ముందు కూర్చుని కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుంది. జువైనా డ్రోన్‌ను నేల మీద పెట్టింది. "బిస్మిల్లా" అని గట్టిగా చెప్పి లేపింది. డ్రోన్ వాగు మీదుగా చుట్టు తిరిగి, పైమెట్లకు చేరి, షంసా చెట్టు నెత్తిన నిలిచింది. మీట నొక్కింది. పసుపుపచ్చటి పొగలా పుప్పొడి లేచింది. సరిగ్గా అప్పుడే లోయలోంచి ఒక గాలివిసురు వచ్చి, ఆ పొగనంతా ఎత్తుకుపోయి, పైమెట్ల పక్కనుంచి ఆలస్యంగా నడిచొస్తున్న హుమైద్ తలపాగా మీద కుమ్మరించింది.

"నన్ను గొడ్డుమోతు చెట్టనుకున్నావా అమ్మాయ్!" అని అతను తుమ్ముల మధ్య అరిచాడు. పిల్లలు నేలమీద పడి దొర్లారు. జువైనాకు మాత్రం నవ్వు రాలేదు. తెర మీద పొత్తు ఎలా ఉన్నది అలాగే ఉంది. దాని మీద ఒక్క రేణువూ పడలేదు.

ఖల్ఫాన్ కుంటుకుంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "తెర చూడకు. ఆ మట్ట కొసలు చూడు. నేనెక్కినప్పుడు అవే చెప్పేవి. గాలి వచ్చేముందు చిన్నగా వణుకుతాయి, పోయాక ఓసారి సర్దుకుంటాయి. ఆ సర్దుకున్నప్పుడు వదులు. ఉండు... ఉండు... ఇప్పుడు!"

నొక్కింది. ఈసారి పుప్పొడి నిటారుగా, మెల్లగా, గెల మీదికి దిగింది. తెల్లటి పొత్తు పసుపుబారింది.

"పడింది!" అని మౌజా కుర్చీలోంచి లేచి కేకేసింది. "నా కళ్లతో చూశాను, పడింది!"

ఒడ్డున చేరిన ఆడవాళ్ల జగారీతులు లోయ దద్దరిల్లేలా మోగాయి. నాలుకలు ఆడిస్తూ వాళ్లు చేసే ఆ కేక పెళ్లిళ్లలో జువైనా ఎన్నోసార్లు విన్నది. ఎప్పుడూ ఎవరో పెళ్లికూతురి కోసమే. తనకోసం వినడం అదే మొదలు. కళ్లు చెమ్మగిల్లితే తెర కనపడదని గబగబా తుడుచుకుంది.

ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే పని. మంచు ఆరాక, గాలి లేవకముందు. తండ్రి గాలిని చూస్తాడు, కూతురు ఎగరేస్తుంది. చెట్టు చెట్టుకీ ఆమె నోట బిస్మిల్లా. "ఇది కాస్త గారాబం చెట్టు, రెండోసారీ రావాలి", "దీనికి ఎడమపక్క గెల ఎప్పుడూ ఆలస్యం" అంటూ ఆయన పరిచయం చేసేవాడు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉండీ తండ్రి ఇంత మాట్లాడతాడని జువైనాకు తెలియదు. పక్కన కూర్చునే ఆడవాళ్లు వంతులు వేసుకుని, ఆ వంతుల కోసం పోట్లాడుకున్నారు కూడా. మొదట వాడిపోయిన కొన్ని గెలలు మాత్రం ఎంత చేసినా దక్కలేదు. వాటిని చూసినప్పుడల్లా ఖల్ఫాన్ నిట్టూర్చేవాడు. "నా పంతానికి పోయినవి ఇవి" అనేవాడు.

వసంతం తిరిగేసరికి తలాల్ దుర్భిణీ తెచ్చి చూశాడు. గెలగెలకీ పచ్చటి కాయలు బఠాణీల్లా, నిండుగా గింజ కట్టాయి. అతను చెబుతుంటే ఖల్ఫాన్ నమ్మక, ఆ దుర్భిణీ లాక్కుని స్వయంగా చూశాడు. చూసి, అక్కడే వాగు గట్టున నుదురు నేలకు ఆనించి సజ్దాలో పడ్డాడు. హుమైద్ అదే పొద్దున ఊరి గ్రూపులో గొంతు వదిలాడు: "సోదరులారా, ఖర్జూరానికి యంత్రంతో పుప్పొడి పెట్టడం ఎంత మంచిదో నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను..." షంసా అది విని, ఆ రోజే తనను గ్రూపులో చేర్చమని అడిగింది. చేరి, ఒకే ఒక్క మాట పంపింది: "అబద్ధం." ఊరంతా ఆ మాటను వారం రోజులు చెప్పుకుని నవ్వింది.

వేసవిలో మస్కట్ కుర్రాళ్లు సెలవులకొచ్చి కోతకు ఎక్కారు. పైమెట్ల మీదినుంచి గెలలు తాళ్లకు కట్టి దింపుతుంటే కింద పట్టుకోవడానికి చేతులు చాల్లేదు. చాపల మీద బంగారు రంగు కాయలు గుట్టలు పడ్డాయి. ఆ సందడిలోనే కొండ మీది పై ఊరినుంచి పెద్దమనుషులు కొందరు వచ్చారు. కాయలు చూశారు, రుచి చూశారు. ఖల్ఫాన్ ముందు మర్యాదగా కూర్చుని, వచ్చే చలికాలం తమ ఊరి చెట్లు కూడా చూడాలని అడిగారు.

"నన్నెందుకు అడుగుతారు?" ఖల్ఫాన్ నవ్వాడు. "మా ఇంట్లో చెట్ల పని ఇప్పుడు ఆవిడది. ఆవిణ్నే అడగండి."

వాళ్లు ఇబ్బందిగా ఒకరి ముఖాలొకరు చూసుకుని జువైనా వైపు తిరిగారు. చేతుల నిండా ఖర్జూరపు తీపి జిగురుతో ఉన్న ఆమె మణికట్టుతో నుదుటి చెమట తుడుచుకుంది.

"వస్తాను. కానీ ముందు మీ ఆడవాళ్లు నన్ను కహ్వాకు పిలవాలి. డాబాలు వాళ్లవి. వాళ్లు సరేనంటేనే పెట్టె తెరుస్తాను" అంది.

చలికాలం వచ్చింది. పై ఊరి ఆడవాళ్లు ఒకసారి కాదు, మూడిళ్లలో పిలిచారు. ఆమె తాగిన కహ్వాకు, వాళ్లడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. పెళ్లెందుకు చేసుకోలేదనే ప్రశ్న కూడా అందులో ఉంది. మూడో ఇంట్లో కూజా ఖాళీ అయ్యాక ఇంటి పెద్దామె లేచి, "మాటలు చాలు, పొద్దెక్కుతోంది, పద" అంది. మంచు ఆరిన మెట్ల మీద, కొత్త ఊరి కొత్త చెట్ల ముందు, ఆ ఊరి ఆడవాళ్లు తెర చుట్టూ మూగి ఉండగా జువైనా నిలబడింది. ఖల్ఫాన్ మట్ట కొసల వైపు చూస్తున్నాడు. ఆమె దేవుడి పేరు తలచుకుంది, యంత్రం నేల విడిచింది, నీలాకాశంలోకి నిటారుగా లేచింది.